జ్ఞానదంతం తీసినంక మౌత్‌వాష్, మరకలు

కింది దవడలో కుడిపక్క జ్ఞానదంతం నిటారుగ రాకుండ ముందు పన్ను మీదికి ఒరిగి పెరిగింది. చిగురు ఉబ్బి, అన్నం ముద్ద పట్టేంత గూడ నోరు తెరుచుకోకపోయేసరికి నల్లగొండలో పండ్ల డాక్టర్ దగ్గరికి పోయిన. ఎక్స్‌రే చూసి, ఇది గోలీలతో ఆగేది కాదు, చిగురు కోసి తీయాల్సిందే అన్నది డాక్టరమ్మ. సూది ఇచ్చినంక నొప్పి తెలియలేదు, దవడ మీద ఒత్తిడి మాత్రం తెలిసింది. కుట్లు పడ్డయి.

అసలు జాగ్రత్త అంతా ఆ తర్వాతనే. మొదటి రోజు పుక్కిలించొద్దు, గట్టిగ ఉమ్మొద్దు, స్ట్రాతో ఏదీ తాగొద్దు అన్నది. పన్ను పోయిన గుంతలో గడ్డకట్టిన రక్తమే ఆ పుండుకు కాపలా. అది ఊడిపోతే కింద ఎముక బయటపడి, చెవి దాక గుంజే నొప్పి మొదలైతది. దాన్నే డ్రై సాకెట్ అంటరు. పలకరించడానికి వచ్చిన మా మేనత్త అప్పటికప్పుడు ఉప్పునీళ్లు కాచి ఇయ్యబోయింది. ప్రేమతోనే. "రేపు పడ్త అత్తా" అని చేతితో సైగ చేసిన.

24 గంటలు దాటినంక ఆ ఉప్పునీళ్లే పట్టిన, గోరువెచ్చగ, తిన్నప్పుడల్లా. వాటితోపాటు రాసిచ్చింది 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, 10 మిల్లీలీటర్లు, నిమిషం సేపు. గడగడలాడించుడు కాదు, తల అటూ ఇటూ వంచి నెమ్మదిగ నోరంతా తడిపి, నోరు తెరిచి దానంతటదే జారిపోనియ్యాలె. పండ్లు తోమిన వెంటనే పోసుకోవద్దు. పేస్టులో నురుగు పుట్టించే పదార్థం ఈ మందు పనిని తగ్గిస్తది కాబట్టి అర్ధగంట ఆగాలె. మందు పట్టినంక వెంటనే నీళ్లతో కడుక్కుంటే మందు కూడ పోతది.

కుట్లున్న చోటికి బ్రష్ పోదు, అక్కడ సూక్ష్మక్రిములు పెరుగుతయి. ఈ మందు పండ్లకు, చిగుళ్లకు అంటుకొని గంటల తరబడి పనిచేస్తది. ఆ అంటుకునే గుణంతోనే ఇంకో తిప్పలు కూడ వచ్చింది.

మొదట ఉప్పు రుచి తగ్గింది. చల్లార్చిన జావ, మెత్తటి పెరుగన్నం, ఏది తిన్నా చప్పగనే. అమ్మ ఉప్పు వేసుడు మర్చిపోయిందేమో అనుకున్న. మందు ఆపితే రుచి దానంతటదే వస్తదని తెలిసినంక మనసు కుదుటపడ్డది. తర్వాత కింది ముందు పండ్ల మీద గోధుమరంగు చారలు కనబడ్డయి. అవి చూసి అమ్మ ముఖం వాడిపోయింది. "ఏంది బిడ్డా, నీకు గూడ మా లెక్కనే అయితున్నయి?"

ఆ మాటలో బాధ మా దిక్కోళ్లకే తెలుస్తది. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. చిన్నప్పటి నుంచి తాగింది బోరునీళ్లే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండొద్దంటరు, అక్కడి నీళ్లలో దానికంటే ఎన్నో రెట్లు ఉండేది. ఆ ఊర్లల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వే ఆడవాళ్లను చూస్తూ పెరిగిన. కృష్ణా నీళ్లు నల్లాలకు వచ్చినా, అప్పటికే పండ్ల మీద పడ్డ ఫ్లోరైడ్ మచ్చలు పోలేదు.

కుట్లు తీయించుకోను పోయినప్పుడు ఇదే అడిగిన. ఫ్లోరైడ్ మచ్చ చిన్నతనంలో పన్ను లోపల తయారయ్యేటప్పుడే పింగాణిలో, అంటే పన్ను పై గట్టిపొరలో పడుతది, తోమితే పోదు. ఈ మందు మరక పైపైనే, అందులో చాయ్ రంగు కూడ చేరుతది, క్లీనింగ్ చేస్తే పోతదని చెప్పింది. గుంత మంచిగ మానుతున్నది, మందు ఆపి ఉప్పునీళ్లు చాలన్నది. కొన్నాళ్లకు క్లీనింగ్ చేయించుకున్న, చారలు పోయినయి.

సీసాలో మందు మిగిలింది. తన పండ్లు తెల్లబడ్తయేమోనని అమ్మ రోజూ వాడుకుంటనన్నది. దీంతోని ఆ మచ్చలు పోవు, పైన ఇంకిన్ని ఎక్కుతయని చెప్పిన. తోముకునేటప్పుడు చిగుళ్లల్ల రక్తమొస్తున్నదని అప్పుడు బయటపెట్టింది. తెల్లారి ఆమెను కూడ డాక్టరమ్మకు చూపించిన.