ఎడిత్‌బర్గ్ జెట్టీ మీద మావయ్యగారు, గార్ చేపలు

ఆస్ట్రేలియాలో మేముండే అడిలైడ్‌లో గాలం సరదా ఉన్న ఎవర్ని కదిపినా గార్ ఫిష్ అనే సూదిమూతి చేపకైతే యార్క్ పెనిన్సులా అనే ద్వీపకల్పానికి వెళ్ళమంటారు, అందులోనూ కింద చివర్న ఉండే ఎడిత్‌బర్గ్ జెట్టీకి. సిటీలో కూడా సెమఫోర్, గ్రేంజ్, బ్రైటన్ జెట్టీల మీద దొరుకుతాయి కానీ వీకెండ్ వస్తే అక్కడ రాడ్ ఆనించుకోడానికి జాగా ఉండదు, పక్కవాడి లైన్‌లో మన లైన్ చిక్కుపడి అది విప్పుకోడానికే సగం పూట పోద్ది. అందుకని 2024 ఏప్రిల్‌లో, ఎండలు తగ్గి గాలి నెమ్మదించే టైము చూసుకుని, నేను, మా ఆవిడ, భీమవరం నుంచి వచ్చిన మా మావయ్యగారు బయల్దేరాం. మావయ్యగారు రిటైర్డ్ సోషల్ మాస్టారు. ఆయన లెక్కలో చేపలు రెండే రకాలు, ఒకటి పులస, రెండోది పులస దొరకని రోజుల్లో సర్దుకుపోయే కొర్రమీను.

కారెక్కే ముందే ఒక గొడవ అయింది. గార్‌కి బెస్ట్ ఎర ఇక్కడ జెంట్స్ అని అమ్ముతారు, అంటే ఈగ పురుగులు, తౌడులాంటి పొట్టులో వేసి చిన్న డబ్బాలో ఇస్తారు. బయట పెడితే కొద్ది రోజుల్లోనే ప్యూపా కట్టేసి తర్వాత ఈగలైపోతాయి కాబట్టి చల్లగా ఉంచాలి, అంటే ఫ్రిజ్‌లో. పెరుగు గిన్నె పక్కన ఆ డబ్బా చూసి మా ఆవిడ అన్నమాటలు ఇక్కడ రాయను. చివరికి రాజీ ఏంటంటే దానికి వేరే ఐస్ బాక్స్, ఆ బాక్సు డిక్కీలో నా బట్టల బ్యాగు మీద. కాకల్ అనే గుల్లల మాంసం ముక్కలు, రొయ్య ముక్కలు కూడా పనిచేస్తాయి, కానీ ఈ చేప నోరు ఎంత చిన్నదంటే ఎర అగ్గిపుల్ల తల కంటే పెద్దదైతే పొడిచి పొడిచి వదిలేస్తుంది. పురుగైతే సరిగ్గా సరిపోద్ది, పైగా కదుల్తూ ఉంటుంది.

దారి విచిత్రంగా ఉంటుంది. మ్యాప్‌లో చూస్తే ఎడిత్‌బర్గ్ సముద్రానికి అవతల మనకి ఎదురుగానే ఉంటుంది, కాకిలా నేరుగా ఎగిరి వెళ్తే మహా అయితే 80 కిలోమీటర్లు. కానీ మధ్యలో సెయింట్ విన్సెంట్ గల్ఫ్ ఉంది కదా, అందుకని పైకి పోర్ట్ వేక్‌ఫీల్డ్ దాకా పోయి చుట్టు తిరిగి మళ్ళీ కిందకి దిగాలి, మొత్తం 230 కిలోమీటర్ల దాకా. అంతా బార్లీ దేశం, ఏప్రిల్‌లో కోత అయిపోయి విత్తనం ఇంకా పడలేదు కాబట్టి కనుచూపు మేర మోడు పొలాలే. దారిలో ఆర్డ్రోసన్ అనే ఊళ్ళో ఎర్రమట్టి కొండచరియలు, ధాన్యం సైలోలు చూస్తూ బేకరీలో ఏదో తిన్నాం. ఎడిత్‌బర్గ్ దగ్గరికి వచ్చేసరికి వాటిల్ పాయింట్ గాలిమరలు మొదలయ్యాయి, మొత్తం 55 ఉంటాయి.

ఊరి పేరు సంగతి మావయ్యగారికి చెప్పడం నాకు ఈ ట్రిప్పులో దక్కిన పెద్ద ఆనందం. సర్ జేమ్స్ ఫెర్గుసన్ అనే ఆయన 1869 నుంచి 1873 దాకా సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్, ఆయన భార్య లేడీ ఎడిత్ పేరే ఈ ఊరికి పెట్టారు. ఆయనే తర్వాత బాంబే గవర్నర్‌గా వెళ్ళాడు, పుణెలో ఫెర్గుసన్ కాలేజీ ఆయన పేరు మీదే. మరి ఈ ఎడిత్ ఎవరూ అంటే మన లార్డ్ డల్హౌసీ కూతురు. వెనక సీట్లో కునుకు తీస్తున్న మావయ్యగారు ఠక్కున లేచి కూర్చున్నారు. "డల్హౌసీ అంటే... మన రాజ్యసంక్రమణ సిద్ధాంతం డల్హౌసీయేనా అల్లుడుగారూ?" "ఆయనేనండి." "ముప్పై ఏళ్ళు పిల్లలకి ఆ పాఠం చెప్పి చెప్పి చచ్చానండి, ఆఖరికి ఆయన కూతురి ఊళ్ళో చేపలు పట్టడానికొచ్చానన్నమాట!" అని ఊరొచ్చేదాకా సతారా, ఝాన్సీ, నాగపూర్ మాకు మళ్ళీ చెప్పుకొచ్చారు.

ఇక చేప సంగతి. గార్‌కి కింది దవడ సూదిలాగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, పై దవడ మాత్రం పొట్టి. ఆ సూది కొసన నారింజ ఎరుపు మచ్చ. ఒళ్ళు వెండిలా మెరుస్తుంది, వీపు లేత ఆకుపచ్చ, మనిషి సన్నం. హైపోరాంఫస్ మెలానోకిర్ అని దీని శాస్త్రీయ నామం, ఆస్ట్రేలియా ఖండం దక్షిణ తీరాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. పగలు సముద్రపు గడ్డి తింటుంది, రాత్రి రొయ్యల్లాంటి చిన్న చిన్న పురుగులు తింటుంది. గల్ఫ్ లోతు తక్కువ, అడుగంతా గడ్డి మైదానాలే కాబట్టి ఇది ఇక్కడ బాగా బతుకుతుంది. ఇంకో విశేషం, దీనికి కడుపంటూ విడిగా ఉండదు, నోటి నుంచి చివరిదాకా ఒకటే తిన్నటి గొట్టం. ఇది గుర్తుపెట్టుకోండి, వంట దగ్గర పనికొస్తుంది.

మర్నాడు తెల్లారేసరికి జెట్టీ మీదున్నాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, దూరంగా ట్రౌబ్రిడ్జ్ ద్వీపం మీద 1856లో కట్టిన ఎర్ర తెల్ల చారల లైట్‌హౌస్. సౌత్ ఆస్ట్రేలియాలో రాడ్‌తో పట్టుకోడానికి లైసెన్సు అక్కర్లేదు, అది ఇక్కడి పెద్ద సుఖం. సరంజామా కూడా సింపుల్, సన్నటి ఏడడుగుల రాడ్, నాలుగు పౌండ్ల లైన్, పన్నెండో నంబరు హుక్కులు, నీళ్ళ మీద తేలే ఒక బెండు. ఆ బెండుకే కింద చిన్న జాలీ గిన్నె ఉంటుంది, అందులో బర్లీ కుక్కాలి. బర్లీ అంటే చేపల్ని రప్పించే మేత, మేం నానబెట్టిన బ్రెడ్డు, గోధుమ తవుడు, కాస్త ట్యూనా నూనె కలిపి ముద్ద చేశాం. ఆ ముద్ద నీళ్ళలో కొంచెం కొంచెం కరుగుతూ మబ్బులా సాగుతుంది, హుక్కు ఆ మబ్బు వెనకాలే వేలాడుతూ ఉంటుంది. చేప మేత దారి పట్టుకుని వస్తే ఎర దగ్గరికే వస్తుంది.

గార్ పట్టడంలో అసలు మజా ఏంటంటే అంతా కళ్ళ ముందు జరుగుద్ది. మిగతా చేపలకి ఎక్కడో అడుగున ఏం జరుగుతుందో తెలీకుండా గంటలు గంటలు రాడ్ చివర చూస్తూ కూర్చోవాలి, ఇది అలా కాదు, పై నీళ్ళలోనే తిరుగుద్ది. ముందు ఏమీ లేదు, తర్వాత బ్రెడ్డు తునకల మధ్య ఒక గీత, ఇంకో గీత, చూస్తుండగానే గుంపు, ముక్కులన్నీ ఒకే వైపు. మావయ్యగారి బెండు మునగలేదు. పక్కకి జరిగింది, ఆగింది, మళ్ళీ గాలికి ఎదురు జరిగింది. ఆయన "గాలికి కదుల్తోందండీ" అంటున్నారు, నేను "గాలి అటు కొడుతుంటే బెండు ఇటు ఎందుకొస్తుందండి, ఎత్తండి" అన్నాను. ఆయన గోదారి కాలవ మీద కొర్రమీనుని లాగినట్టు ఒక్క గుంజు గుంజారు, పెదవి తెగి చేప పోయింది. దీని మూతి మెత్తగా ఉంటుంది, మణికట్టు తిప్పితే చాలు. రెండోసారి ఆయనే పెద్దమనిషి తరహాగా నిదానంగా ఎత్తారు, గాల్లో మెలికలు తిరుగుతూ వచ్చిన చేపని చేతిలో పట్టుకుని, "ఏంటండీ ఇది, మనిషికంటే ముక్కే ఎక్కువుందీ" అన్నారు. కానీ ఆ తర్వాత టీకి పిలిచినా రాలేదు.

రూలు ఒకటుంది, అప్పటికి 23 సెంటీమీటర్లు లేని గార్‌ని వదిలెయ్యాలి, మనిషికి రోజుకి 30. కొలిచేటప్పుడు ముక్కు లెక్కలోకి రాదు, పై దవడ కొస నుంచి తోక చివరిదాకానే. మావయ్యగారు దీని మీద నాతో చాలాసేపు వాదించారు, ముక్కు చేపది కాదా, చేపది కానప్పుడు నీళ్ళలో ఎవరిది అని. మాస్టారు కదా. ఆయన వాదన గెలిచినా చేప మాత్రం నీళ్ళలోకే పోయింది.

మధ్యమధ్యలో టామీ రఫ్ అనే చేపలు పడ్డాయి, అవి బెండుని ఒక్కసారిగా లాక్కుపోతాయి, తేడా తెలిసిపోద్ది. కింద నుంచి బుడగలొచ్చాయని చూస్తే డైవర్లు, ఈ జెట్టీ స్తంభాల మధ్య ఆకుల్లా కనపడే లీఫీ సీ డ్రాగన్లు ఉంటాయి, అవి చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్ళున్న వైపు లైన్ వెయ్యకూడదు. పదకొండు దాటాక గాలి లేచింది, నీటి మీద గరుకు పడింది, గుంపు మాయం.

వెంటనే క్లీనింగ్. సాయంత్రం చూద్దాంలే అంటే కుదరదు. ఇందాక చెప్పిన ఆ గొట్టం నిండా నమిలిన గడ్డి ఉంటుంది, పొట్ట గోడలు పల్చన, గంటలు గడిస్తే ఆ పసరు కండకి దిగి చేదొస్తుంది. పట్టిన వెంటనే సముద్రపు నీళ్ళు కలిపిన ఐసులో వేసినా సరే మధ్యాహ్నం దాటనివ్వకూడదని నా లెక్క. పొలుసు తేలిక, చాకు వీపుతో తోక నుంచి తలవైపు రెండుసార్లు దువ్వితే రాలిపోద్ది. తల కోసి, పొట్ట చీల్చి, పచ్చటి పేగు లాగేసి, లోపలి నల్లపొర బొటనవేలితో గీకి కడగాలి. పెలికాన్లు మా పక్కనే నిలబడి తలకాయల కోసం ఎదురుచూస్తున్నాయి, మావయ్యగారు వాటితో కూడా అండీ పెట్టే మాట్లాడారు.

ఇక ముళ్ళు. ఈ చేపకి జుట్టులాంటి ముళ్ళుంటాయని చాలామంది దీన్ని ముట్టరు, కానీ ఇక్కడివాళ్ళ చిట్కా ఒకటుంది. పొట్ట చీల్చిన చేపని పుస్తకంలా తెరిచి, కండ కిందకి, వీపు పైకి వచ్చేట్టు బల్ల మీద బోర్లించి, వీపు మీద సీసా పెట్టి గట్టిగా దొర్లిస్తారు. మాకు సీసా లేదు, చపాతీల కోసం మా ఆవిడ తెచ్చిన అప్పడాల కర్ర ఉంది. దొర్లిస్తుంటే లోపల చిటచిటమని చిన్న చప్పుడు వస్తుంది, అది పక్కముళ్ళు కండ నుంచి విడిపోవడం. తిప్పి, తల వైపు వెన్నుముల్లు కొస గోళ్ళతో పట్టుకుని మెల్లగా తోకవైపు లాగితే దువ్వెనలాగా మొత్తం ఒకేసారి వచ్చేస్తుంది. ఒకటి రెండు తెగినా మూడోదానికి చెయ్యి అలవాటవుద్ది. ఆ అప్పడాల కర్రతో ఇక చపాతీలు చెయ్యనని మా ఆవిడ అక్కడే ప్రకటించింది, ఇప్పుడది నా గాలం బ్యాగులో ఉంటుంది.

మేం బస చేసిన క్యారవాన్ పార్కు వంట షెడ్డులో బార్బెక్యూ పెనం మీద మొదటి వాయి ఇక్కడి పద్ధతిలో, ఉప్పు మిరియాలు, పైపైన మైదా, వెన్న, చివర్న నిమ్మకాయ. పల్చటి చేప, ఒక్కో వైపు నిమిషం చాలు. కండ తెల్లగా, మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. రెండో వాయి మన వేపుడు. ఇక్కడ నేను ఖచ్చితంగా చెప్పేది ఒకటే, దీనికి అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా పెట్టొద్దు. ఉప్పు, పసుపు, చిటికెడు కారం, నిమ్మరసం, పైన బియ్యప్పిండి, అంతే. అల్లం వెల్లుల్లి వేగేలోపు చేప ఎండిపోద్ది, చేప సరిగ్గా వేగిన టైముకి అల్లం పచ్చివాసన పోదు. బజార్లో కొన్న ఐసు చేపకైతే మసాలా కావాలి, ఇప్పుడే నీళ్ళలోంచి తీసినదానికి ఏం దాచాలని?

మావయ్యగారు ఒప్పుకోలేదు. పులుసు పెట్టకపోతే అది చేప తిన్నట్టు కాదన్నారు. సరే మిగిలినవి రాత్రికి అట్టేపెట్టి, సాయంత్రం ఊరి శ్మశానం చూడ్డానికి వెళ్ళాం. 1909 జనవరి 31న క్లాన్ రానల్డ్ అనే స్టీమర్ ఈ తీరానికి దగ్గర్లోనే ఒరిగిపోయి మునిగింది, 40 మంది పోయారు, ఎక్కువమంది లాస్కార్లు, అంటే బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన ఆసియా నావికులు. వాళ్ళలో చాలామందిని ఇక్కడే పూడ్చారు. మావయ్యగారు చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డారు, డల్హౌసీ గురించి మళ్ళీ మాట్లాడలేదు.

రాత్రి పులుసు ఆయనే పెట్టారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చింతపండు, మెంతిపొడి, ముందు పులుసు బాగా దగ్గరపడనిచ్చి ఆఖర్న చేపలు వేసి మూతపెట్టారు, గరిట పెట్టకుండా గిన్నె అంచులు పట్టుకుని తిప్పారు. అంత జాగ్రత్త పడ్డా సగం ముక్కలు విడిపోయాయి, గార్ పులుసుకి నిలబడే చేప కాదు. పులుసు మాత్రం అదిరింది, అది చింతపండు మహిమ, ఆయన చేతి మహిమ. తినేసి బయటికొస్తే ఒడ్డున మోకాళ్ళ లోతులో కొందరు లైట్లు పట్టుకుని నడుస్తున్నారు, దాన్ని డాబింగ్ అంటారు, చీకటి రాత్రి వెలుగుకి కనపడ్డ గార్‌ని పొడుగు కర్రకి కట్టిన చిన్న వలతో పైనుంచి మూసి పట్టడం. మావయ్యగారు ప్యాంటు పైకి మడిచేశారు, మా ఆవిడ వద్దు నాన్నా చలి అని వెనక్కి లాక్కొచ్చింది.

వెళ్దామనుకునేవాళ్ళకి ఒక మాట. 2025 మార్చి నుంచి కరేనియా అనే విషపు నాచు ఈ తీరమంతా కమ్మేసింది, ఎడిత్‌బర్గ్ కూడా దెబ్బతింది, సీ డ్రాగన్లు కూడా చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. నేను పైన చెప్పిన సైజులు, లెక్కలు 2024 నాటివి. బయల్దేరే ముందు పీర్సా, అంటే చేపల రూళ్ళు చూసే ఇక్కడి ప్రభుత్వ శాఖ, వాళ్ళ సైట్‌లో ప్రస్తుతం ఎన్ని పట్టొచ్చో, ఎక్కడ పట్టొచ్చో చూసుకోండి. మావయ్యగారు అయితే ఫోన్ చేసినప్పుడల్లా "నీళ్ళు బాగుపడ్డాయా అల్లుడుగారూ" అని అడుగుతున్నారు, డాబింగ్ వల ఖరీదెంతో కూడా కనుక్కోమన్నారు.