చేప తోకలో ఒక రాత్రి

బోస్టన్‌లో నీ పనేంటని అమ్మ అడిగితే "చేపలతో" అంటాను. "అంత చదివి చేపలా?" అంటుంది. నిజానికి రెండు రోజుల జీబ్రాఫిష్ పిల్లలు. గాజులా ఉంటాయి, లోపలిదంతా కనబడుతుంది. రక్తనాళాలు ఆకుపచ్చగా మెరిసే రకం పెంచుతాం. ఎర్రగా మెరిసే మనిషి క్యాన్సర్ కణాలను గాజు సూదితో వాటి రక్తంలోకి ఎక్కించి, మత్తిచ్చి, జెల్‌లో పడుకోబెట్టి మైక్రోస్కోపు కింద పెడతాం.

పగలు మైక్రోస్కోపు సీనియర్లది, కొత్తవాళ్లకు రాత్రి పది తర్వాతే. మొదట్లో ఓసారి జెల్ చల్లారకముందే పోసి పిల్లలన్నిటినీ ఉడకబెట్టేశాను.

ఆ రాత్రి మాత్రం కుదిరింది. తోకలోని సన్న నాళంలో ఒక కణం ఇరుక్కుంది. ఎర్రరక్తకణం ఏడెనిమిది మైక్రాన్లే, పైగా వంగుతుంది. ఇది దానికి రెట్టింపు. గోడ చీల్చుకుని వస్తుందనుకున్నా. అలా కాదు. గంటలకొద్దీ కదలకుండా కూర్చుని, రెండు గోడకణాల మధ్య సందులోంచి సన్నగా ఒక కాలు బయటపెట్టింది. తర్వాత ఒళ్లు జారింది. కేంద్రకం దగ్గర మాత్రం ఆగింది, కణంలో బాగా గట్టిది అదే. సీటు కోసం ఆర్టీసీ బస్సు కిటికీలో దూరినవాడు నడుం దగ్గర ఇరుక్కున్నట్టు. ఒక్కోసారి గోడకణాలే దాన్ని కప్పేసి బయటికి సాగనంపుతాయి. కాపలావాళ్లే గేటు తీసినట్టు, అదే నాకు మింగుడుపడదు.

అప్పుడే అమ్మ ఫోన్. ఇంటి దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నర.

"అక్క రొమ్ము తీసేసి నాలుగేళ్లయింది కదరా, వెన్నులోకి ఎట్లా వచ్చింది?"

ఆపరేషన్‌కు ముందే కొన్ని బయల్దేరి ఉంటాయమ్మా, అన్నాను. రక్తంలో పడ్డవాటిలో చాలావరకు చచ్చిపోతాయి, ఎలుకల్లో చూస్తే పదివేలకు ఒకటి కూడా గడ్డ కట్టదు. బయటపడ్డవి కొన్ని ఏళ్లతరబడి నిద్రపోతాయి. 1889లోనే స్టీఫెన్ పాజెట్ అనే ఇంగ్లండు డాక్టర్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు చూసి, ఇది విత్తనం, నేల సంగతి అన్నాడు. రొమ్ము క్యాన్సర్‌కు ఎముక నచ్చిన నేల.

"వరిలో మినుములు చల్లినట్టా? పదునున్నచోటే మొలుస్తాయి."

"అంతే."

కాసేపు మాట్లాడలేదు. తెర మీద ఎర్ర చుక్క ఆకుపచ్చ గీత దాటేసింది.

"ఆ వీడియో పంపు, చూస్తా" అంది.

నాలుగు రోజులైంది. ఇంకా పంపలేదు.