కూర్చుండిపోయిన కుంభం

నిన్నటితో బరంపురంలో నా ఇంటర్న్‌షిప్ అయిపోయింది. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

చేరిన రెండో వారంలోనే తప్పు చేశాను. బరంపురం పట్టుచీర అంచుకి గుడిగోపురంలా వచ్చే కుంభం ఉంటుంది కదా, దాన్ని కంప్యూటర్లో మామూలు చదరాల గ్రాఫ్ మీద గీసిచ్చేశాను. స్క్రీన్ మీద ముచ్చటగా ఉంది. మగ్గం మీంచి దిగేసరికి బోర్లించిన మూకుడులా తయారైంది! శాంపిల్ ముక్కే, కానీ పట్టు పట్టే కదా. టెన్షన్‌తో నాకు మధ్యాహ్నం అన్నం దిగలేదు.

నేత మాస్టారు అరవలేదు. "ఏటమ్మా, కుంభం కూర్చుండిపోయింది?" అని నవ్వి, పోగులు లెక్కపెట్టే అద్దం నా చేతిలో పెట్టారు. అంగుళానికి చీర పొడవునా సాగే పడుగు పోగులు 80, అడ్డంగా నేసే పేక 60. అంచు కుంభం చీర లోపలివైపు చూస్తుంది కాబట్టి దాని ఎత్తు పడుగు లెక్కలో, వెడల్పు పేక లెక్కలో పడుతుంది. పోగుల లెక్కలే వేరైనప్పుడు గ్రాఫ్ గడి చదరంగా ఎలా ఉంటుంది? మూడేళ్లుగా డిజైన్ చదువుతున్నాను, ఈ మాట క్లాసులో వినే ఉంటాను. వేలి కింద పోగు కదిలితే గానీ బుర్రకెక్కలేదు.

అక్కడ అందరూ అంతే. నా ఒడియా విని పడీపడీ నవ్వేవాళ్లు, మళ్లీ వాళ్లే తెలుగులోకి మారి ఓపిగ్గా చెప్పేవాళ్లు. టీ వస్తే నా గ్లాసు ముందు నింపేవాళ్లు.

మాస్టారూ, మీరు ఫోన్లో వాట్సాప్ తప్ప ఇంకేమీ చూడరని తెలుసు. మీ అమ్మాయి చదివి వినిపిస్తుందని రాస్తున్నాను. ఆ మూకుడు ముక్క నా దగ్గరే ఉంది. పారేయమన్నారు గానీ, నేను పారేయలేదు.