రమ్మీ కంపెనీ ఆఫర్ ఇచ్చినప్పుడు నేనేం చేశాను - నా అనుభవం

జీతం వస్తున్నప్పుడు నీతులు ఎవరైనా చెప్తారు, అందుకే ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. 2023 మొదట్లో నేను పనిచేస్తున్న చోట మా ప్రాజెక్టు మూసేసి మా టీమ్ మొత్తాన్నీ ఇంటికి పంపించారు. నేను డేటా అనలిస్టుని. నిజాంపేటలో ఫ్లాటు, దాని మీద హోమ్ లోను. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, తన జీతం ఇంటి ఖర్చులకీ పాప ఫీజుకీ సరిపోతుంది, ఈఎంఐ దాకా రాదు. అప్పుడు మార్కెట్ ఎలా ఉందో ఐటీలో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, అమెరికాలో పెద్ద కంపెనీలే వేల మందిని తీసేస్తుంటే ఇక్కడ హెచ్‌ఆర్‌లు ఫోన్ ఎత్తడమే మానేశారు. అలాంటప్పుడు ఒక కన్సల్టెన్సీ అమ్మాయి ఫోన్ చేసి "గేమింగ్ కంపెనీ సర్, ప్యాకేజీ చాలా బాగుంటుంది" అంది. గేమింగ్ అంటే బొమ్మల ఆటలేమో అనుకున్నా. కాదు, డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ.

ఆఫీసు మాదాపూర్‌లో. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు, ఆంధ్రలో 2020లో. అంటే అప్పట్లో ఈ ఆటని హైదరాబాద్‌లో కూర్చుని తయారు చెయ్యొచ్చు, ఆడకూడదు. మొదటి రౌండ్‌లో మేనేజర్ ఇదే నవ్వుతూ చెప్పాడు, "మన యాప్ మన ఫోన్లో పనిచేయదు బాస్, లొకేషన్ చూసి ఆపేస్తుంది, టెస్ట్ అకౌంట్లతోనే చూసుకోవాలి" అని. నేనూ నవ్వాను. తర్వాత మెట్రోలో వస్తూ ఆలోచిస్తే అంత నవ్వుగా అనిపించలేదు.

చట్టం సంగతి అడిగితే ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది: రమ్మీ నైపుణ్యం ఆట, సుప్రీంకోర్టే చెప్పింది. నిజమే. ఆ కేసు కూడా మన దగ్గరదే, 1963లో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేస్తే అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటే అని 1967లో తీర్పు వచ్చింది. ఇంటికొచ్చి ఆ తీర్పు చదివాను, ఉద్యోగం లేనివాడికి టైముకేం కరువు. అందులోనే ఇంకో మాట ఉంది. పందెం పెట్టి ఆడే ఆట మీద క్లబ్బు నడిపేవాళ్లు లాభం తీసుకుంటుంటే అప్పుడు నేరం కావచ్చు అని. కంపెనీలన్నీ మొదటి సగమే చెప్పేవి. వాళ్ల ఆదాయమంతా ప్రతి ఆటలో తీసుకునే కమీషనే కదా. ఎవరు గెలిచినా వాళ్లకి పర్లేదు, ఆట ఆగకపోతే చాలు.

అయినా అక్కడితో వద్దనుకోలేదు. అబద్ధం ఎందుకు, వచ్చే జీతం పాతదానికి ఒకటిన్నర రెట్లు. పైగా నేనేమీ హరిశ్చంద్రుణ్ణి కాదు, అంతకుముందు కొన్నేళ్లు ఒక అమెరికా ఇన్సూరెన్స్ క్లయింటుకి క్లెయిముల డేటా చూశాను, ఆ రిపోర్టులతో ఎవరి క్లెయిమ్ ఆగిపోయిందో నేనెప్పుడూ అడగలేదు.

అసలు కథ ఇంటికిచ్చిన అసైన్‌మెంటులో ఉంది. ఒక ఫైలు పంపారు, పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసిన ఆటగాళ్ల డేటా. ఆడటం మానేసినవాళ్లలో ఎవరు తిరిగి వస్తారో ముందే చెప్పే మోడల్ కట్టాలి. టెక్నికల్‌గా చాలా మామూలు పని, ఏ షాపింగ్ యాప్‌లోనైనా చేసేదే. కూర్చుని కాలమ్స్ చూడటం మొదలుపెట్టాను. డబ్బు వేసిన టైము, వేసిన మొత్తం, బ్యాంకు తిప్పికొట్టిన డిపాజిట్లు, ఎంతసేపు ఆడాడు, డబ్బు వెనక్కి తీసుకోమని పెట్టి మళ్లీ ఎన్నిసార్లు క్యాన్సిల్ చేశాడు. ఆ ఆఖరి కాలమ్ నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది: గెలిచినవాడు డబ్బు బ్యాంకుకి పంపమంటాడు, అది ప్రాసెస్ అయ్యేలోపు క్యాన్సిల్ అనే బటన్ అక్కడే ఉంటుంది, రాత్రి నిద్ర పట్టక అది నొక్కి మళ్లీ ఆటలో కూర్చుంటాడు. బ్రిటన్‌లో ఈ సదుపాయాన్ని గ్యాంబ్లింగ్ కమిషన్ 2021లో పూర్తిగా నిషేధించిందని వెతికితే తెలిసింది. అప్పట్లో మన దగ్గర అదొక ఫీచరు.

మోడల్ బాగానే వచ్చింది, అదే బాధ. ఎవరు తిరిగొస్తారో చెప్పడానికి అన్నిటికన్నా పనికొచ్చినవి మూడు సంగతులు: అర్ధరాత్రి దాటాక వేసిన డిపాజిట్లు, ఫెయిలైన డిపాజిట్లు, క్యాన్సిల్ చేసిన విత్‌డ్రాయల్స్. ఒక వరుస ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. నెల మొదటి వారంలో పెద్ద మొత్తాలు, తర్వాత వెయ్యి, తర్వాత ఐదొందలు, నెలాఖరుకి వంద, యాభై, తెల్లవారుజామున మూడింటికి రెండొందలు ఫెయిల్, వెంటనే వంద ఫెయిల్, యాభై సక్సెస్. ఆ మనిషి ఎవరో నాకు తెలీదు. జీతం ఎప్పుడు పడుతుందో తెలుసు, ఎప్పుడు అయిపోతుందో తెలుసు, ఏ రాత్రి నిద్రపోలేదో తెలుసు. నా మోడల్ ఆయన పక్కన తొంభై శాతం పైనే స్కోరు వేసి, ఇతను తప్పకుండా తిరిగొస్తాడు అని చెప్తోంది. దాన్ని పట్టుకుని కంపెనీ ఏం చేస్తుంది? ఒకటో తారీఖున బోనస్ మెసేజ్ పంపుతుంది.

ఫైలు పంపేశాను. చివరి రౌండ్ డైరెక్టర్‌తో. ఆయన మోడల్ మెచ్చుకున్నాడు, "మీ ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి" అన్నాడు. ఇలాంటి ఆఫర్ దగ్గర ఊగిసలాడుతున్నవాళ్లకి నేను చెప్పగలిగేది ఏదైనా ఉంటే అది ఇక్కడే. కంపెనీ మంచిదా, పని చట్టబద్ధమేనా అని అడిగితే మీకు బ్రోషర్ వినిపిస్తారు. నేను అడిగింది ఇది: "ఏడాది తర్వాత నా అప్రైజల్‌లో ఏ అంకె చూసి నేను బాగా చేశానంటారు?" ఆయన దాచలేదు, ఆ విషయంలో ఆయన మీద గౌరవమే. మానేసినవాళ్లు తిరిగొచ్చి వేసే డిపాజిట్ల మొత్తం, అదే నా టార్గెట్. ఇంకో ప్రశ్న అడిగాను, ఎవరైనా చేతులు కాల్చుకుంటున్నాడని నా మోడల్‌లోనే కనిపిస్తే నేనేం చెయ్యాలి? "దానికి రెస్పాన్సిబుల్ గేమింగ్ టీమ్ వేరే ఉంది." ఆ టీముకి నా మోడల్ వెళ్తుందా? "రోడ్‌మ్యాప్‌లో ఉంది." ఐటీలో రోడ్‌మ్యాప్‌లో ఉంది అంటే ఇప్పట్లో జరగదని అర్థం.

ఆఫర్ లెటర్ వచ్చింది. జవాబుకి వారం టైము.

మా ఆవిడతో కూర్చుని ముందు లెక్కలు చూశాం. సేవింగ్స్ ఎంత, అందులో ఎన్ని ఈఎంఐలు వస్తాయి, బంగారం మీద లోను తీసుకుంటే ఇంకెన్ని. తను "నువ్వు వద్దంటే వద్దు, కానీ ఎందుకు వద్దో నాకు సరిగ్గా చెప్పు, రేపు డబ్బుకి ఇబ్బందైనప్పుడు మనిద్దరికీ అది గుర్తుండాలి" అంది. చెప్పబోతే నాకే సరిగ్గా మాటలు రాలేదు. పేకాట తప్పని చెప్దామంటే మాది భీమవరం పక్కన పల్లెటూరు, సంక్రాంతికి పేక ముట్టని మగాళ్లు మా ఊళ్లో తక్కువ. నేనూ ఆడతాను.

నాన్నకి ఫోన్ చేశాను. ఆయన తేలిగ్గా తీసేశారు. "కోతముక్క కాదుగా, రమ్మీయేగా, తప్పేంట్రా, నేను ఆడట్లేదా?" కోతముక్క అంటే పూర్తిగా అదృష్టం మీద నడిచే పేకాట. కాసేపు ఆగి, "అందులో ముక్కలెవరు పంచుతారు?" అని అడిగారు. కంప్యూటర్ పంచుతుంది నాన్నా. "ఎదుటోడి మొహం కనిపించదా?" కనిపించదు. "మరి ఒకడు అదేపనిగా పోగొట్టుకుంటుంటే లేపేదెవరు?" ఆ మాట దగ్గర నాకు చప్పున వెలిగింది. మా అరుగు మీద ఆటలో వరసగా ఫుల్ కౌంట్లు ఇచ్చుకుని ఓడిపోతున్నవాణ్ణి పక్కవాళ్లే లేపుతారు, చాల్లే ఇంటికి పోరా, మీ ఆవిడ చూస్తుంటుంది అని. కొన్నిసార్లు పోగొట్టుకున్నదాంట్లో కొంత తిరిగి చేతిలో పెట్టి పంపుతారు కూడా. అందరూ అంత మంచోళ్లని కాదు, పేకాటలో పొలాలు పోయిన ఇళ్లు మా ఊళ్లోనూ ఉన్నాయి. కానీ లేచి వెళ్లిపోయినవాడి ఇంటికెళ్లి తలుపు కొట్టి, వంద బోనస్ ఇస్తాం రా అని పిలుచుకొచ్చే ఉద్యోగం ఆ ఊళ్లో ఎవరికీ లేదు. నాకిస్తున్నది అదే. మా ఆవిడకి ఇదే చెప్పాను, తను "ఇప్పుడు అర్థమైంది" అని లెక్కల కాగితం మడిచి బీరువాలో పెట్టింది.

స్నేహితుడొకడు గట్టిగా వాదించాడు. "నువ్వు చేరకపోతే ఇంకొకడు చేరతాడు, వాళ్ల యాప్ ఏమీ ఆగదు, నీ ఈఎంఐ మాత్రం ఆగుతుంది. క్రెడిట్ కార్డు కంపెనీలు చేసేది వేరేనా? నువ్వు అంత పట్టించుకుంటే ఎక్కడా పనిచెయ్యలేవు మామా." ఇందులో మొదటి మాటకి నా దగ్గర ఇప్పటికీ మంచి జవాబు లేదు. రెండోదానికి ఉంది. ఎక్కడైనా కొంత మురికి ఉంటుంది, నిజమే, నాకు కావాల్సింది ఆ మురికి నా టార్గెట్ కాకపోవడం. బ్యాంకులో ఫ్రాడ్ పట్టుకునే టీములో ఉన్నవాడూ, కట్టలేనివాడికి లోను అంటగట్టే టీములో ఉన్నవాడూ ఒకే బిల్డింగులో భోంచేస్తారు, కానీ చేసే పని ఒకటి కాదు.

ఆ ఆలోచనతోనే మధ్యేమార్గం ఒకటి ప్రయత్నించాను. ఒకే టేబుల్ మీద ఇద్దరు కూడబలుక్కుని మూడోవాణ్ణి ముంచడం, మనిషి బదులు బాట్‌లు, అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు, పెట్టి ఆడించడం, ఇలాంటివి పట్టుకునే ఫెయిర్ ప్లే టీము ఉంటుంది. అందులో ఇవ్వండి, జీతం తగ్గించినా పర్లేదని హెచ్‌ఆర్‌కి రాశాను. రెండ్రోజులు ఆశ పెట్టి, హెడ్‌కౌంట్ లేదన్నారు, అంటే ఆ టీములో ఖాళీ లేదని, బదులుగా జాయినింగ్ బోనస్ పెంచారు. వాళ్లకి నేను బేరం ఆడుతున్నట్టే అనిపించి ఉంటుంది, వాళ్ల తప్పు కాదు. ఒకవేళ ఆ సీటు ఇచ్చి ఉంటే చేరేవాణ్ణి, ఆ సంగతి దాచుకోను.

వద్దని మెయిల్ రాయడం అనుకున్నదానికంటే కష్టమైంది. మొదటి డ్రాఫ్టులో పెద్ద ఉపన్యాసం రాశాను, ఉదయం చదివితే నాకే చిరాకేసి తీసేశాను. "ఈ పని లక్ష్యం నాకు సరిపడదు, మీరు ఇచ్చిన సమయానికి కృతజ్ఞతలు" అని రెండు వాక్యాలు, అంతే. వాళ్లకి నా నీతి పాఠం అక్కర్లేదు, ఊరు చిన్నది, రేపు ఆ మేనేజరే ఇంకో కంపెనీలో ఎదురవ్వొచ్చు. కన్సల్టెన్సీ అమ్మాయి మాత్రం "ఇంటర్వ్యూకి ముందే తెలుసు కదండీ ఏ కంపెనీయో" అని విసుక్కుంది. న్యాయమైన ప్రశ్నే. కంపెనీ ఏంటో తెలుసమ్మా, నా పని ఏంటో అసైన్‌మెంటు చేశాకే తెలిసింది అన్నాను. పెట్టేసింది.

తర్వాత బంగారం బ్యాంకులో పెట్టాం. ఆ రోజుల గురించి ఎక్కువ రాయను, రాస్తే నన్ను నేను పొగుడుకున్నట్టు ఉంటుంది. పాత జీతం కన్నా కాస్త తక్కువకే ఒక వేర్‌హౌస్ స్టాకు లెక్కలు చూసే కంపెనీలో చేరాను. చాలా బోరు పని. ఏ గోడౌన్లో ఎన్ని పెట్టెలున్నాయో రాత్రి మూడింటికి ఎవరికీ అక్కర్లేదు.

నేను వద్దన్న ఆ రమ్మీ కంపెనీ ఉద్యోగంలోకి నా పాత టీములోని ఒకతను చేరాడు, నాకు తెలిసినవాడే, తెలివైనవాడు. 2023 అక్టోబర్ నుంచి ఆటగాడు వేసే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పడినప్పుడే వాళ్లకి గాభరా మొదలైంది. తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, నడిపేవాళ్లకి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. రోజుల్లోనే యాప్‌లలో డబ్బు ఆటలు ఆగిపోయాయి. అతను ఫోన్ చేసి మా దగ్గర ఏమైనా ఉందా అని అడిగాడు. చూశావా నేనప్పుడే చెప్పాను అనాలని నాకేం అనిపించలేదు, చట్టం వస్తుందని నాకూ తెలీదు, రాకపోయి ఉంటే అతను ఈపాటికి ఫ్లాటు లోను తీర్చేసేవాడు. రిఫర్ చేశాను. మా మేనేజర్ రెజ్యూమె చూసి "రమ్మీ కంపెనీయా" అని కళ్లద్దాలు సర్దుకున్నాడు, పనిమంతుడని చెప్పాను, తీసుకున్నారు.

ఒకరోజు క్యాంటీన్లో అతనే చెప్పాడు, ఆ మోడల్ చివరికి రెస్పాన్సిబుల్ గేమింగ్ టీముకి వెళ్లిందట, మరీ ఎక్కువ పోగొట్టుకుంటున్న కొందరికి డిపాజిట్ లిమిట్ కూడా పెట్టారట. ఆలస్యంగానే, కానీ పెట్టారు. అది విన్నాక నా లెక్క కాస్త కదిలింది. నేనే ఆ సీటులో ఉంటే పోరాడి అది ముందే తెప్పించేవాణ్ణేమో అన్నాను. అతను పెరుగన్నం కలుపుకుంటూ, "నువ్వుంటే నీ టార్గెట్ కూడా నాదే కదా గురూ" అన్నాడు.