చిన్నోడికి చప్పుళ్లు పరిచయం చేసిన రోజు

ఆదివారం, రాత్రి

పిల్లలతో ఎగరాలంటే పొద్దున్నే ఎగరాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కుతుంది, ఆ వేడిగాలి పైకి లేస్తుంది, మధ్యాహ్నానికల్లా నాలుగు సీట్ల సెస్నా 172ని ఎత్తి కుదేయడం మొదలెడుతుంది. నాకది అలవాటే. మొదటిసారి ఎక్కిన నాలుగేళ్ల పిల్లాడు మాత్రం విమానమంటే ఇదే అనుకుంటాడు. "ఆదివారం పూటైనా పిల్లల్ని కాసేపు పడుకోనీవే" అని అక్క బతిమాలినా ఒప్పుకోలేదు. ఏడింటికల్లా అందర్నీ హ్యాంగర్ ముందు నిలబెట్టాను. బావ రాలేదు. ఉన్నవి నాలుగు సీట్లే కదా అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన సంతోషం దాచుకోవడానికి పెద్దగా ప్రయత్నించలేదు.

ముందు బరువులు చూసుకున్నాం. మా 172 ఎస్ మోడల్‌కి టేకాఫ్ బరువు 2,550 పౌండ్లు దాటకూడదు, అంటే 1,157 కిలోలు. మనుషులు, ఇంధనం, సంచులు అన్నీ అందులోకే రావాలి. పిల్లలకి ఇది ఆటైపోయింది. చిన్నోడు తన బొమ్మ ఏనుగుని విడిగా తూయాలని పట్టుబట్టాడు. మిషన్ ముల్లు కదల్లేదు. అయినా అక్క కూతురు, మా పెద్దది, కాయితం మీద ఏనుగు పేరు కూడా రాసింది.

వీళ్లు విమానం దగ్గరికి రావడం ఇది కొత్త కాదు. ఇంతకుముందు వచ్చి ఊరికే సీట్లలో కూర్చుని వెళ్లారు. తర్వాత ఇంకోసారి ఇంజిన్ స్టార్ట్ చేసి, ట్యాక్సీవే (రన్‌వేకి వెళ్లే దారి) చివరిదాకా తీసుకెళ్లి, వెనక్కి తెచ్చి దింపేశాను. "అంతేనా పిన్నీ?" అని పెద్దది మూతి ముడుచుకుంది. నాకు కావాల్సిందీ ఆ మాటే. అమెరికాలో ఈఏఏ అనే విమానాల అభిమానుల సంఘం వాళ్లు 1992లో మొదలుపెట్టిన యంగ్ ఈగిల్స్ కార్యక్రమంలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని విమానం ఎక్కిస్తారు. ఇప్పటికి ఇరవై లక్షల మందికి పైగా ఎక్కారు. ఆ వయసు పిల్లలు చెప్తే వింటారు, భయమేస్తే భయమేస్తోందని చెప్తారు. నాలుగేళ్లవాడు చెప్పడు, ఏడుస్తాడు. అందుకే ఇంత నెమ్మదిగా అలవాటు చేయడం.

హెడ్‌సెట్ సంగతీ అంతే. ఈ విమానంలో ఇంజిన్ మన కాళ్లకి కాస్త ముందే ఉంటుంది, చప్పుడు చెవులకి హాని చేసేంత ఎక్కువ. పెద్దవాళ్ల హెడ్‌సెట్ చిన్న తలకి పెడితే జారుతుంది, జారిన సందులోంచి చప్పుడంతా లోపలికి వస్తుంది. పిల్లల సైజువి దొరుకుతాయి, అవే కొనాలి. మా చిన్నోడు తల మీద ఏది పెట్టినా పీకి పారేసే రకం. అందుకని హెడ్‌సెట్‌ని ముందే అక్కకిచ్చి పంపాను. అది పెట్టుకుంటేనే కార్టూన్ అని అక్క షరతు పెట్టింది. ఈ రోజు ఎవరూ చెప్పకుండానే తగిలించుకుని, మైకు మూతి దగ్గరికి లాక్కుని "హలో హలో" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఆపలేదు.

చిన్నపిల్లలు ఎత్తుకి భయపడతారని అందరూ అనుకుంటారు. నాకలా అనిపించదు. మూడు వేల అడుగులంటే ఏమిటో వాడికేం తెలుసు? ఎందుకొచ్చిందో తెలీని చప్పుడుకి భయపడతారు. పెద్ద విమానంలో కనీసం ఎయిర్ హోస్టెస్ నవ్వుతూ తిరుగుతుంటుంది. ఇక్కడ ప్రతి చప్పుడూ పక్కనే వినిపిస్తుంది, చూద్దామంటే పిన్ని వీపు తప్ప ఏమీ కనపడదు.

అందుకని ఎక్కేముందే చప్పుళ్లన్నీ వినిపించాను. కరెంటు మాస్టర్ స్విచ్ వేసి ఫ్లాప్స్‌ని, అంటే రెక్కల వెనకంచున ఉండే పలకల్ని, కిందికి దించితే మోటారు గుయ్‌మంటూ తిరిగింది. "దిగేటప్పుడు ఇది మళ్లీ వస్తుంది" అని చెప్పాను. చిన్నోడు ఆ గుయ్ తనూ అన్నాడు.

వాడికి అన్నిటికన్నా నచ్చింది స్టాల్ హార్న్. ఎడమ రెక్క ముందంచులో దానికో చిన్న కన్నం ఉంటుంది. 172లో ఇది కరెంటుతో మోగదు. వేగం బాగా తగ్గి, రెక్క ఇంక విమానాన్ని మోయలేని స్థితి దగ్గరపడుతుంటే ఆ కన్నం దగ్గర గాలి ఒత్తిడి తగ్గుతుంది. లోపలి గాలి అందులోంచి బయటికి లాగేసినట్టు పోతూ ఒక రీడ్‌ని, అంటే సన్నని రేకుని, మోగిస్తుంది. నేల మీద పరీక్షించాలంటే కన్నం మీద శుభ్రమైన రుమాలు పెట్టి నోటితో పీల్చాలి. చూసేవాళ్లకి నవ్వొచ్చే పని, కానీ పైలట్లందరం చేస్తాం. చిన్నోణ్ని ఎత్తుకుని రుమాలు పెట్టి పీల్చమన్నాను. వాడు బుగ్గలు పూరించి ఊదాడు. ఏమీ రాలేదు. "ఊదకురా, స్ట్రాతో జ్యూస్ తాగినట్టు లాగు" అంది పెద్దది. ఈసారి లాగాడు. లోపలెక్కడో "ప్యాఁ" మంది. వాడు చటుక్కున వెనక్కి జరిగి రెక్కని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు. మళ్లీ లాగాడు. రుమాలు తడిసి ముద్దయ్యాక గానీ నా చేతుల్లోంచి దిగలేదు.

"చక్రాలు నేలకి ఆనబోయే ముందు ఇదే మోగుతుంది. అప్పుడు నాకు నువ్వే చెప్పాలి" అని వాడికో డ్యూటీ వేశాను.

ఎంత ఆటలాడించినా ప్రొపెల్లర్ దగ్గర మాత్రం ఆటల్లేవు. ఇంజిన్ ఆగి ఉన్నా దాన్ని ముట్టుకోకూడదు. ఇంజిన్‌కి నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటోలో లోపముంటే తాళం తీసేసి ఉన్నా చేత్తో కదిపితే ఒక్కసారి తిరగొచ్చు. వెళ్లేది ఎప్పుడూ రెక్క వెనక నుంచే, అదీ పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని. ఇది ఎందుకని వివరించలేదు, గట్టిగా చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

వెనక సీట్లో అక్క, పక్కన పిల్లల కారు సీట్లో చిన్నోడు. విమానంలో వాడొచ్చని దాని లేబుల్ మీద రాసి ఉందో లేదో ముందే చూశాను. "ఒళ్లో కూర్చోబెట్టుకుంటానే" అంది అక్క. గట్టి కుదుపొస్తే ఎంత బలమున్న చేతులైనా పిల్లాణ్ని ఆపలేవు, కుదరదన్నాను. పైగా కారు సీటు ఎత్తుగా ఉంటుంది, వాడికి కిటికీ అందుతుంది. బయట దూరంగా నేల, ఆకాశం కలిసే గీత కనపడుతుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. ఒళ్లు ఊగుతోందని లోపలి చెవి చెప్తుంటే, కళ్లు మాత్రం కదలని సీటు వీపుని చూస్తూ ఏమీ లేదంటే మెదడు ఎవర్ని నమ్మాలి? అందుకే టాబ్, రంగుల పుస్తకం రెండూ కిందే వదిలేశాం. గాలి గొట్టం వాడి మొహం వైపు తిప్పి, జిప్ కవర్లు అక్క చేతికిచ్చాను. పెద్దదాన్ని నా పక్కన, సీటు బాగా వెనక్కి జరిపి కూర్చోబెట్టాను. కాళ్లు పెడల్స్‌కి అందవు. సీటు పట్టాల మీద సరిగ్గా లాక్ అయిందో లేదో ఊపి చూశాను. సెస్నాల్లో అది మరిచిపోకూడదు.

ఇంకో నియమం కూడా ఉంది. నేను అరచెయ్యి ఎత్తితే అందరూ మౌనం. ఎయిర్‌లైన్స్‌లో పదివేల అడుగుల లోపు కాక్‌పిట్‌లో కబుర్లు చెప్పకూడదని అమెరికాలో 1981లో రూల్ పెట్టారు. "ఎందుకు పెట్టారు?" అంది అక్క. 1974లో షార్లెట్ దగ్గర దిగుతూ, పైలట్లు కబుర్లలో ఉండగా ఒక విమానం కూలింది. ఆ సంగతి ఆ నిమిషంలో అక్కకి చెప్పాలనిపించలేదు. "రేడియో వినాలి కదా" అన్నాను. అదీ అబద్ధం కాదు.

రన్‌వే దగ్గర ఆగి ఇంజిన్‌ని 1,800 ఆర్‌పీఎంకి, అంటే నిమిషానికి అన్ని చుట్లకి, పెంచి పరీక్షించాలి. విమానమంతా వణుకుతుంది. ముందే చెప్పాను, అయినా చిన్నోడు "వద్దు పిన్నీ, వద్దు" అన్నాడు. వెంటనే ఇంజిన్ తగ్గించేశాను. వద్దంటే ఆపేస్తానని మాటిచ్చాను, ఇక్కడ తప్పితే ఇంక వాడు నన్ను నమ్మడు. వెనక ఇంకో విమానం లేదు, కూర్చున్నాం. "ఇంటికెళ్దామా?" అని అడిగాను. ఊహూఁ అన్నాడు. కాసేపటికి "ఇప్పుడు పెంచు, నేను చెప్తే తగ్గించు" అన్నాడు. పెంచాను. చెప్పాడు, తగ్గించాను. మళ్లీ పెంచమన్నాడు. ఆ తర్వాత ఆ చప్పుడు వాడిదైపోయింది.

టేకాఫ్ గురించి రాయడానికేం లేదు. అక్క కళ్లు మూసుకుంది, పిల్లలు మూసుకోలేదు.

పైన గాలి నిలకడగానే ఉంది. తిరిగే ముందు ఎటు తిరగాలో పెద్దదాన్ని అడిగాను. అది చేయి చూపించాక రెక్కని కొంచెమే వంచాను. 20 డిగ్రీలు దాటనివ్వలేదు. ఒకే ఒక్క కుదుపు వచ్చింది. చిన్నోడు కిటికీ వదిలి వాళ్లమ్మ మొహంలోకి చూశాడు. పొద్దున హ్యాంగర్ దగ్గర అక్కని పక్కకి పిలిచి ఒకటే అడిగాను, ఏం జరిగినా పిల్లాడి ముందు మొహం మామూలుగా పెట్టమని. పెట్టింది. వేళ్లు మాత్రం సీటు అంచుని పట్టుకుని తెల్లబడ్డాయి. వాడికి అవి కనపడలేదు, మళ్లీ కిటికీలోకి తిరిగి లారీలు లెక్కపెట్టుకున్నాడు.

దిగడం దగ్గరే అసలు జాగ్రత్త. ఈ విమానంలో గాలి ఒత్తిడిని సరిచేసే ఏర్పాటు ఉండదు, బయట ఎంతో లోపలా అంతే. ఎక్కేటప్పుడు చెవి లోపలి గాలి దానంతటదే బయటికి పోతుంది. దిగేటప్పుడు బయటి గాలి లోపలికి వెళ్లాలి, చిన్నపిల్లల్లో ఆ దారి సన్నగా, అడ్డంగా ఉంటుంది. మామూలుగా నిమిషానికి 500 అడుగులు దిగుతాను, ఈ రోజు 300 దాటలేదు. స్ట్రా సీసాలో నీళ్లు గుటక గుటకగా తాగించమని అక్కకి చెప్పాను. నిద్రపోతున్న పిల్లల్ని కూడా దిగడం మొదలెట్టకముందే లేపాలి, నిద్రలో గుటకలు తక్కువ.

ఇంజిన్ తగ్గించేముందు "ఇప్పుడు చప్పుడు చిన్నదవుతుంది, నేనే చేస్తున్నాను" అన్నాను. లేకపోతే ఇంజిన్ ఆగిపోయిందనుకుంటారు. పెద్దవాళ్లయినా అనుకుంటారు, వెనక అక్క ఊపిరి బిగపట్టడం ఇంటర్‌కమ్‌లో వినిపించింది. చక్రాలు ఆనబోతుండగా హార్న్ మోగింది. "పిన్నీ! ప్యాఁ!" అని చిన్నోడు అరిచిన అరుపుకి నా హెడ్‌సెట్ అదిరింది. నా అరచెయ్యి అప్పటికి ఎత్తే ఉంది. డ్యూటీ డ్యూటీయే అనుకుని ఊరుకున్నాను.

ఇంజిన్ ఆగి, ప్రొపెల్లర్ నిలిచి, తాళం చేతిలోకి వచ్చాకే తలుపులు తీశాం. పెద్దది వచ్చేసారి దూరం వెళ్దామంటోంది. గంటకి మించితే బాత్రూమ్ సంగతేంటని అడిగితే దాని దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది, చిన్నోడికి తుమ్ములు మొదలయ్యాయట. ముక్కు దిబ్బడ వేస్తే చెవి దారి కూడా మూసుకుంటుంది, ఆ చెవులతో దిగితే నొప్పి భరించలేడు. వచ్చే ఆదివారం లేదని చెప్పేశాను. ఆ పై ఆదివారం కూడా వాడి ముక్కు చూశాకే.