ఉప్పు తినేసిన సైలెన్సర్

పెదగంట్యాడలో మా ఇంటి కిటికీ గ్రిల్లు ఈ సంక్రాంతికి మళ్లీ పెచ్చులూడి ఉంది. రెండేళ్ల క్రితం సెలవుకి వచ్చినప్పుడు నేనే గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, రంగు వేసి వెళ్లాను. విశాఖలో పుట్టినవాడికి తుప్పు గురించి ఇంకొకరు చెప్పక్కర్లేదనుకునేవాణ్ణి. కెనడాలో హామిల్టన్ వెళ్లాక తెలిసింది, గాలిలో ఉప్పు ఒక ఎత్తు, మంచు కరగడానికి రోడ్ల మీద లారీలతో చల్లే ఉప్పు ఇంకో ఎత్తు.

నాది 2016 షెవర్లే సిల్వరాడో పికప్ ట్రక్కు, 5.3 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఐదు రోజులు ఫ్యాబ్రికేషన్ షాపులో వెల్డింగ్, శనివారాలు బయట గేట్లు, రెయిలింగుల పని, వెనకాల మెషీనూ సిలిండరూ వేసుకుని తిరగాలంటే పికప్పే ఉండాలి. చలికాలమంతా ఆ ఉప్పు బురద బండి అడుగున కొట్టి, ఎండి, మళ్లీ తడిసి, పొగ గొట్టం జాయింట్ల దగ్గర కూర్చుంటుంది. కిందటేడు చప్పుడు తగ్గించే డబ్బా, అదే మఫ్లర్, దాని ముందు జాయింటు పోయింది. వెల్డర్నే కానీ అపార్ట్‌మెంట్ పార్కింగులో నిప్పు వెలిగించనివ్వరు, అందుకని ఒక షాపులో ఇచ్చాను. వాళ్లు స్టెయిన్‌లెస్ గొట్టం మీద మామూలు ఇనుప (ఎంఎస్) వైరుతో అతుకు వేశారు. ఆ పూట తొందరలో నేను చూసుకోలేదు, ఆ బాధ ఇంకా ఉంది. చలి పోకముందే గొట్టం బాగానే ఉండి అతుకు తుప్పు పట్టి చిల్లులు పడింది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి డ్యూటీకి ముందు అరగంట టైముంటే ఇంజన్ ఆన్‌లో పెట్టి, హీటర్ వేసుకుని బండిలోనే కూర్చున్నాను. తల దిమ్మెక్కింది, కడుపులో తిప్పింది. నిద్ర చాలక అనుకున్నా. దిగాక చల్లగాలికి సర్దుకుంది, టార్చి వేసి కిందకి చూస్తే ఆ అతుకు చుట్టూ నల్లటి మసి. ఆ చిల్లుల్లోంచి కారే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి రంగుండదు, వాసనుండదు. మన కుర్రాళ్లు చాలామంది షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య ఇలాగే బండిలో కునుకు తీస్తారు, దయచేసి ఆ పని చెయ్యకండి, మంచు పడిన రోజు ఇంజన్ స్టార్ట్ చేసేముందు వెనక గొట్టం మూతి మూసుకుపోయిందేమో ఒకసారి వంగి చూడండి.

అందుకే ఈసారి సెలవులో తేల్చుకుని వెళదామని గాజువాక ఆటోనగర్‌లో మా మేస్త్రిగారి దగ్గరకి వెళ్లాను. పంతొమ్మిదేళ్లప్పుడు నాకు హోల్డర్ పట్టడం నేర్పింది ఆయనే, ఇప్పటికీ లారీ సైలెన్సర్లు చేస్తారు.

"ఏట్రా నాన్నా, అక్కడ బండికి ఇక్కడ బేరమా" అంటూనే పాత స్పీకర్ లోంచి తీసిన అయస్కాంతం పట్టుకొచ్చారు. కింద పడున్న కారు సైలెన్సర్ ముక్కకి ఆనిస్తే టక్కున అతుక్కుంది. రెయిలింగ్ పైపు ముక్కకి ఆనిస్తే జారి కింద పడింది. మొదటిది 409 రకం స్టెయిన్‌లెస్, క్రోమియం 11 శాతం దగ్గర ఉంటుంది, పైన గోధుమరంగు తుప్పు వస్తుంది కానీ లోపలికి త్వరగా దిగదు. అతుక్కోనిది 304 రకమైతే అందులో క్రోమియం 18, నికెల్ 8 శాతం, ఉప్పుని ఎక్కువ కాలం తట్టుకుంటుంది. "అతుక్కోలేదని మురిసిపోకు, చవక రకం 202 కూడా అతుక్కోదు. బీచి దగ్గర అపార్ట్‌మెంట్ల రెయిలింగులు చూడు, టీ ఒలికినట్టు మరకలు" అన్నారు. ఆ మాటతో నా అయస్కాంతం తెలివి సగానికి తగ్గింది. నంబరు రాసి ఇచ్చే కంపెనీ దగ్గరే కొనాలి.

అంటారియోలోనే ఉన్న ఎమ్‌బీఆర్‌పీ లాంటి కంపెనీలు అల్యూమినియం పూత ఇనుము, 409, 304 మూడింటిలోనూ సెట్లు అమ్ముతాయి. పూత ఇనుము చవక, కానీ కోసిన చోటా అతికిన చోటా పూత పోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. పైగా గొట్టం లోపల్నించి కూడా కుళ్లుతుంది. పెట్రోలు కాలితే నీటి ఆవిరి వస్తుంది, నా ఇంటికీ డ్యూటీకీ పది నిమిషాలే, మఫ్లర్ వేడెక్కి లోపలి నీరు ఆరేలోపే ఇంజన్ ఆపేస్తాను. అందుకే 304కే మొగ్గాను. నేను చూసిన ధరల్లో 409 కంటే 400 డాలర్లు ఎక్కువ, రెండు శనివారాల పని.

ఇక చప్పుడు. మా షాపులో కుర్రాళ్లంతా లోపల గదులున్న మఫ్లర్ వెయ్యమన్నారు, గర్జించినట్టుంటుందని. నాకూ ఒకప్పుడు ఆ సరదా ఉండేది. కానీ నా ఇంజన్ హైవే మీద నింపాదిగా పోతున్నప్పుడు నాలుగు సిలిండర్లు ఆపేసి నాలుగింటితోనే నడుస్తుంది. 2,000 ఆర్‌పీఎం దగ్గర ఎనిమిదీ పనిచేస్తే సెకనుకి 133 దెబ్బలు, నాలుగే అయితే 67. ఆ తక్కువ మోత కేబిన్‌లో బూమ్మని నిలబడిపోతుంది, చెవికంటే ముందు గుండెకి తగులుతుంది. నైట్ డ్యూటీ దిగాక ఏడింటికి నేరుగా ఇంటికి వెళ్లను, హైవే ఎక్కి ఓ అరగంట తిరుగుతాను, అప్పుడు ఇక్కడ సాయంత్రం ఐదున్నర. స్పీకర్‌లో అమ్మతో మాట్లాడేది ఆ అరగంటే. అతుకు పోయిన రోజుల్లో "ఏటిరా ఆ రొద, అక్కడ వానా?" అనేది, సగం మాటలు అందక చివరికి "సర్లే, పడుకో నాన్నా" అని పెట్టేసేది. నాకు ఆ రొద వద్దు. తెల్లారక ముందు బండి తీస్తే పక్కింటి పిల్లలు లేవకూడదు కూడా.

కాబట్టి మూడంగుళాల 304 గొట్టం, పొడవాటి పెద్ద మఫ్లర్, దానికి తోడు మోతని ఇంకాస్త తగ్గించే చిన్న డబ్బా, రెజొనేటర్. మఫ్లర్ లోపల చిల్లుల గొట్టం తిన్నగా పోతుంది, చుట్టూ కూరిన పీచు చప్పుడు పీల్చుకుంటుంది. మూతి ఒక్కటే, వెనక చక్రం దాటి పక్కకి రావాలి, కేబిన్ కింద వదిలేసే పొట్టి గొట్టాలు ససేమిరా వద్దు. పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి పోను. అది తీసేస్తే బండి జోరు పెరుగుతుందని చెప్పేవాళ్లున్నారు, అక్కడ చట్టం ఒప్పుకోదు, ఇంజన్ లైటు వెలుగుతుంది, అన్నిటికీ మించి ఆ విషం మనమే పీల్చాలి.

జాయింట్లకి వెల్డింగ్ వద్దనుకున్నాను. నేను వెల్డర్నై ఉండి ఆ మాట అనడం మేస్త్రిగారికి నచ్చలేదు, కానీ వెడల్పు పట్టీలాంటి బ్యాండ్ క్లాంపులు ఫోన్‌లో చూపించాక ఒప్పుకున్నారు. యూ బోల్టులు గొట్టాన్ని నొక్కేస్తాయి, రేపు విప్పాలంటే కొయ్యాలి. ఈ పట్టీ చుట్టూ సమంగా బిగుస్తుంది.

నిన్న రాత్రి ఆర్డర్ పెట్టాను, బ్రాంప్టన్‌లో ఉన్న ఫ్రెండ్ ఇంటి అడ్రసుకి, వాడికి గ్యారేజీ ఉంది. పొద్దున్నే చెప్పడానికి వెళ్తే మేస్త్రిగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. గొట్టాన్ని బండి కింద వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు ఎక్కకపోతే సబ్బునీళ్లు రాయమన్నారు, నూనె రాస్తే రబ్బరు ఉబ్బిపోతుందట. గొట్టం ఫ్రేముకి ఎక్కడా తగలకుండా వేలు పట్టేంత సందు ఉంచి, ఒక వంద కిలోమీటర్లు తిరిగాక క్లాంపులన్నీ ఇంకోసారి బిగించమన్నారు.