వరస తప్పిన నాడి

ఆ రోజు ఉదయం 32 కిలోమీటర్లు పరుగెత్తాను. రాత్రి పడుకుని ఎడమ చెవి దిండుకు ఆనించగానే గుండె చప్పుడు వినిపించింది. అది నాకు కొత్త కాదు. నిమిషానికి 50 లోపు, నింపాదిగా కొట్టుకునే ఆ చప్పుడును వింటూ నిద్రపోవడం పదేళ్లుగా అలవాటే. ఆ రాత్రి మాత్రం రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, తరువాత ఒక ఖాళీ, ఆపైన నాలుగు తొందర దెబ్బలు, మళ్లీ ఖాళీ. మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి లెక్కించబోతే వరస చిక్కలేదు. తెల్లవారేసరికి సర్దుకుంది కనుక నిద్ర చాలలేదనుకుని ఊరుకున్నాను. మూడు నెలలకు అదే తిరిగి వచ్చినప్పుడు తీయించుకున్న ఈసీజీ దాని పేరు చెప్పింది: ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులైన కర్ణికలు ఒక పద్ధతి ప్రకారం ముడుచుకోవడం మాని, ఊరికే అదరడం.

పొగ తాగను, ఒంట్లో కొవ్వు లేదు, రోజూ పరుగెత్తుతాను, నాకెందుకు వచ్చిందని డాక్టరుగారిని అడిగాను. "ఆ మూడోదాని గురించే మనం మాట్లాడుకోవాలి" అన్నారాయన.

వ్యాయామం గుండెకు మంచిదన్న మాటలో నాకిప్పటికీ సందేహం లేదు. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం గాని, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం గాని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నేను చేస్తున్నది వారానికి పది గంటల తీవ్ర వ్యాయామం, అదీ ఏళ్ల తరబడి. అతి సర్వత్ర వర్జయేత్ అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. చిక్కంతా ఎక్కడి నుంచి అతి అవుతుందన్న కొలతలోనే ఉంది.

విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది 20 లీటర్లు దాటుతుంది, అగ్రశ్రేణి క్రీడాకారుల్లో 35 లీటర్ల పైకి కూడా పోతుంది. ఈ బరువు గుండె గదులన్నిటి మీదా సమానంగా పడదు. గుండె కింది గదులు జఠరికలు. వాటిలో ఎడమ జఠరిక గోడ దళసరిది, శరీరమంతటికీ రక్తాన్ని తోసే పనికి అలవాటుపడినది. కుడి జఠరిక గోడ పలచన. ఊపిరితిత్తుల్లోని తక్కువ పీడనానికి ఎదురుగా పనిచేయడానికి మాత్రమే అది తగింది. గంటల తరబడి పరుగెత్తినప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం, విశ్రాంతిలో ఉండే దానితో పోలిస్తే, ఒంట్లోని మిగతా పీడనం కంటే ఎక్కువ పాళ్లలో పెరుగుతుంది. అందుకే ముందు అలసేది కుడి వైపు.

ఆస్ట్రేలియాలో 40 మంది క్రీడాకారులను మారథాన్, ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిపిన పందెం), కొండదారుల సైకిల్ పందేల వంటి వాటికి ముందూ తరువాతా పరీక్షించి, 2012లో ఫలితాలను ప్రచురించారు. పందెం ముగియగానే ఎడమ జఠరిక పనితీరులో తేడా లేదు. కుడి జఠరిక మాత్రం డీలాపడింది, పందెం ఎంత ఎక్కువ సేపు సాగితే అంత ఎక్కువగా. వారం రోజుల్లో చాలామందికి అది కోలుకుంది. అయితే ఎంఆర్ఐ తీసిన 39 మందిలో ఐదుగురికి రెండు జఠరికల నడిమి గోడలో మచ్చ కనిపించింది, వాళ్లు మిగతావారి కంటే ఎక్కువ ఏళ్లుగా పందేల్లో ఉన్నవాళ్లు. ఆ వారం రోజులన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పెద్ద పరుగు తరువాత మూడో రోజే మళ్లీ బూట్లు తొడుక్కోవడాన్ని నేను క్రమశిక్షణ అనుకునేవాణ్ని.

నా జబ్బుకు దగ్గరి సాక్ష్యం స్వీడన్ నుంచి వచ్చింది. అక్కడ వాసలోపెట్ అనే 90 కిలోమీటర్ల స్కీ పందెం 1922 నుంచి జరుగుతోంది. 1989, 1998 మధ్య దాన్ని పూర్తిచేసిన 52,755 మంది ఆరోగ్య వివరాలను పరిశీలిస్తే, ఒక్కసారి పూర్తిచేసినవారి కంటే ఐదుసార్లు లేదా అంతకు మించి పూర్తిచేసినవారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు సుమారు 29 శాతం ఎక్కువగా కనిపించింది. ఏళ్ల శ్రమకు కర్ణికలు సాగి పెద్దవవుతాయి, వాటి గోడల్లో పీచులాంటి కణజాలం పేరుకుంటుంది, పైగా నాడిని నెమ్మదింపజేసే వేగస్ నరం ప్రభావం బలపడుతుంది. నేను గర్వంగా చెప్పుకున్న ఆ 50 లోపు నాడికీ, కర్ణికల అదురుకూ ఈ నరం దగ్గర చుట్టరికం ఉందన్నమాట. అదిరే కర్ణికలో రక్తం నిలిచి గడ్డకడితే అది మెదడుకు చేరి పక్షవాతం తెప్పించవచ్చు కనుక, దీన్ని వట్టి దడగా తీసిపారేయడానికి లేదు.

ఇది చదివి ఎవరైనా సోఫాలో కూలబడితే ఆ పాపం నాది కాదు. ఎక్కువ పరుగెత్తేవాళ్లు అసలు పరుగెత్తనివాళ్లలాగే త్వరగా పోతారని 2015లో కోపెన్‌హాగెన్ అధ్యయనం ఒకటి పెద్ద శీర్షికలకెక్కింది. కాని అందులో తీవ్రంగా పరుగెత్తే వర్గంలో ఉన్నది పట్టుమని యాభై మంది కూడా కాదు, చనిపోయినవారు ఇద్దరే. ఇంత చిన్న లెక్క మీద అంత పెద్ద మాట నిలబడదు. మరోవైపు 1947 నుంచి 2012 వరకు టూర్ డి ఫ్రాన్స్‌లో పాల్గొన్న 786 మంది ఫ్రెంచి సైకిలిస్టుల మరణాల రేటు ఆ దేశపు సాధారణ పురుషుల కంటే 41 శాతం తక్కువ. అమెరికాలో 2000, 2010 మధ్య మారథాన్, హాఫ్ మారథాన్ పరుగెత్తిన 1.09 కోట్ల మందిలో పరుగు సందర్భంగా గుండె ఆగినది 59 మందికి, అంటే సుమారు 1,84,000 మందికి ఒకరు.

అయినా ఆ 59 మందిలో ఎక్కువమంది పురుషులు, కారణాల్లో ముఖ్యమైనవి పుట్టుకతో వచ్చే గుండె కండరం మందం, ధమనుల్లో పూడికలు. అమెరికాలో పరుగును ఇంటింటి అలవాటు చేసినవారిలో ఒకరైన జిమ్ ఫిక్స్ 1984లో, 52వ ఏట, పరుగు దారిలోనే మరణించాడు. ఆయన ధమనులు పూడుకుపోయి ఉన్నాయి. ఆయన తండ్రి కూడా గుండెజబ్బుతో 43 ఏళ్లకే పోయాడు. పరుగు ఆ పూడికలను తెచ్చిందని నేననను, వాటిని కప్పిపెట్టిందంటాను. మెట్లెక్కితే ఆయాసం రానివాడికి తనలో జబ్బుందన్న అనుమానం రాదు, చుట్టూ ఉన్నవాళ్లకూ రాదు.

డాక్టరుగారు నన్ను మానమనలేదు, సగానికి తగ్గించమన్నారు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు, మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగంతోనే పోతున్నాను. ఏడాదికి ఒక్క పెద్ద పందెం, దాని తరువాత రెండు వారాలు నడక మాత్రమే. ఛాతీలో బిగువు, పరుగు మధ్యలో కళ్లు తిరగడం, కారణం లేని దడ, వీటిలో ఏది వచ్చినా అక్కడికక్కడే ఆగాలన్నది ఆయన మొదటి షరతు. జ్వరం ఉన్నప్పుడు అడుగు బయట పెట్టకూడదన్నది రెండోది, ఎందుకంటే వైరస్ గుండె కండరానికి పాకి ఉంటే ఆ స్థితిలో చేసే శ్రమ ప్రాణాంతకం కావచ్చు. మొదటిది పాటించడం తేలికే అయింది. రెండోదాని విషయంలో మాత్రం, వంద దాటని జ్వరాన్ని జ్వరం కాదని నాకు నేనే వాదించుకుంటుంటే, ఇంట్లో వాళ్లు నా బూట్లు తీసి అటక మీద పెట్టారు.